తీరం దాటేది ఒకచోట, ప్రాణం తీసేది మరోచోట

తుపాను వార్త రాగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎక్కడ తీరం దాటుతుంది? బాపట్ల దగ్గరా, బందరు దగ్గరా, కాకినాడ దగ్గరా అని తెలుసుకుని, ఆ చోటికి తమ ఊరు ఎంత దూరమో మనసులో లెక్క కట్టుకుని, దూరమైతే ఊపిరి పీల్చుకుంటారు, దగ్గరైతే కిరాణా కొట్టుకు పరుగెత్తుతారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాలు మరచిపోలేని రెండు జలప్రళయాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ లెక్క రెండుసార్లూ తప్పిందని తెలుస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన పెను తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయింది మాత్రం అక్కడికి తూర్పున దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న దివిసీమలో. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక ఒక వాయుగుండం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మునిగింది మాత్రం అక్కడికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విజయవాడ.

ఈ రెండూ ఒకే రకం విపత్తులు కావు. మొదటిది సముద్రం నేల మీదికి వచ్చి చంపినది, రెండోది ఆకాశం నుంచి పడిన నీరు వాగు దారిలో వచ్చి ముంచినది. మొదటిదానిలో నష్టం తుపాను దారికి కుడిపక్కన జరిగింది, రెండోదానిలో ఎడమపక్కన. ఇది యాదృచ్ఛికం కాదు. గాలి తిరిగే తీరులోనూ, ఏడాదిలో ఆ గాలి వచ్చే కాలంలోనూ దీనికి కారణం ఉంది.

మన అర్ధగోళంలో అల్పపీడనమైనా, వాయుగుండమైనా, తుపానైనా గాలి దాని కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తిరుగుతూనే ఆ వ్యవస్థ అంతా ఒక దిక్కుకు కదులుతుంది, అరుగు మీద తిరుగుతున్న బొంగరం మెల్లగా ఒక పక్కకు జరిగినట్టు. తుపాను వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి మనం దాని నడిమధ్యన నిలబడ్డామనుకుంటే, మన కుడిచేతి పక్క గాలి ముందుకు వీస్తుంది, ఎడమచేతి పక్క గాలి వెనక్కి వీస్తుంది. కుడిపక్కన తిరిగే వేగానికి నడిచే వేగం తోడవుతుంది, ఎడమపక్కన ఒకదాని నుంచి మరొకటి తీసివేతకు వస్తుంది. అందువల్ల ఒకే తుపానులో కూడా కుడిపక్క గాలి ఎడమపక్క గాలికంటే బలంగా ఉంటుంది.

అయితే అసలు తేడా గాలి వేగంలో కన్నా గాలి దిక్కులో ఉంది. బంగాళాఖాతం నుంచి వాయవ్యంగానో ఉత్తరంగానో వచ్చే తుపాను మన తీరాన్ని తాకినప్పుడు కుడిపక్క, అంటే తూర్పు, ఈశాన్య భాగాల్లో గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమపక్క, అంటే నైరుతి భాగంలో, అది నేల మీద నుంచి సముద్రం మీదికి వీస్తుంది. కుడిపక్క ఊళ్ల మీదికి గాలి నీటిని తోసుకొస్తుంటే, ఎడమపక్క ఊళ్ల దగ్గర అదే గాలి నీటిని వెనక్కి నెడుతుంది. ఒకే తుపాను, ఒకే గంటలో, ఒక రేవులో సముద్రాన్ని పైకి ఎత్తి మరో రేవులో కిందికి దించగలదు. చీరాలకు దక్షిణాన ఉన్నవాళ్లకూ, దివి మొనలో ఉన్నవాళ్లకూ 1977లో ఎదురైన తుపాను పేరుకు ఒకటే గాని, అనుభవంలో ఒకటి కాదు.

ఆ తుపాను కథ నవంబరు రెండో వారంలో మొదలైంది. అది తీరం దాటడానికి వారం ముందే, 12వ తేదీన, మరో తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి వందల మందిని పొట్టన పెట్టుకుంది. దాని వెనుకే ఆగ్నేయ బంగాళాఖాతంలో రెండోది పుట్టింది. మొదట పడమరకు, పడమటి వాయవ్యానికి నడిచి, తరువాత ఉత్తరం వైపు మళ్లి, బలం పుంజుకుంటూ వచ్చి 19వ తేదీ శనివారం సాయంకాలానికి చీరాల దగ్గర నేలను తాకింది. కేంద్రంలో వాయుపీడనం దాదాపు 940 మిల్లీబార్లకు పడిపోయింది, గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. అప్పటికి తుపానులకు పేర్లు పెట్టే అలవాటు ఉత్తర హిందూ మహాసముద్రంలో లేదు, అది 2004లో మొదలైంది. కనుక ఈ తుపానుకు ఏ పేరూ లేదు. అది ఎవరిని ముంచిందో ఆ నేల పేరే, దివిసీమ ఉప్పెన అన్నదే, దానికి మిగిలింది. తీరం దాటిన చోటు పేరుతో చీరాల తుపాను అన్న పేరు జనంలో నిలవలేదన్నది గమనించవలసిన విషయం. శాస్త్రం చెప్పడానికి ఇబ్బంది పడే సంగతిని జనం పేరు పెట్టడంలోనే చెప్పేశారు.

ఉప్పెన అంటే పెద్ద అల అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అల వస్తుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది. ఉప్పెన అలా పోదు. అది సముద్ర మట్టమే కొన్ని గంటలపాటు పెరిగి నిలబడటం, ఆ పెరిగిన మట్టం మీద మళ్లీ అలలు రావడం. దీనికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది పీడనం: గాలి బరువు తగ్గిన చోట నీరు పైకి లేస్తుంది, ఒక మిల్లీబారు తగ్గితే దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున. మామూలు రోజుల్లో 1010 మిల్లీబార్ల దరిదాపుల్లో ఉండే పీడనం 940కి పడితే సముద్రం 70 సెంటీమీటర్లు ఉబ్బుతుంది, అంటే మోకాలు దాటి తొడల దాకా. దివిసీమలో నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. మిగతా నాలుగు మీటర్లకు పైగా ఎత్తు ఎక్కడిది?

అది గాలి తోసిన నీరు. లోతైన సముద్రంలో గాలి పైనీటిని ఒక దిక్కుకు నెట్టినా, అడుగున అంత నీరూ వెనక్కి తిరిగిపోయే చోటు ఉంటుంది కనుక మట్టం పెద్దగా పెరగదు. తీరానికి దగ్గరగా లోతు తగ్గేకొద్దీ ఆ తిరుగుదారి మూసుకుపోతుంది. కృష్ణ వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల డెల్టా ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. పైగా నిజాంపట్నం దగ్గర తీరం లోపలికి వంగి, దివి దగ్గర మళ్లీ బయటికి పొడుచుకొస్తుంది. ఉత్తరంగా నడిచే తుపాను కుడిపక్క గాలి ఈ వంపులోకి, ఈ మొన మీదికి నీటిని తోసినప్పుడు ఆ నీటికి పక్కకు జారిపోయే దారి లేదు, కిందికి దిగిపోయే లోతు లేదు. మిగిలింది పైకి లేవడం, నేల మీదికి ఎక్కడం. డెల్టా నేల చదును కనుక, ఎక్కిన నీరు పది కిలోమీటర్లకు మించి లోపలికి నడిచింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే దీన్ని సాధారణంగా ఎవరూ ప్రస్తావించరు. నవంబరు 19 నాటికి దీపావళి అమావాస్య వెళ్లి వారం దాటింది, కార్తీక పున్నమికి ఇంకా దాదాపు వారం ఉంది. అంటే పోటు బలంగా ఉండే రోజులు కావవి, నెలలో ఆటుపోట్ల తేడా బాగా తక్కువగా ఉండే రోజులు. అదే తుపాను ఓ వారం ముందో వెనుకో, అమావాస్య పోటులోనో పున్నమి పోటులోనో వచ్చి ఉంటే, ఆ అయిదు మీటర్ల మీద మరికొంత నీరు చేరేది. దివిసీమ చూసినది ఆ తీరం చూడగలిగినవాటిలో అతి చెడ్డది కాదన్నది తలచుకోవడానికే కష్టమైన మాట, కానీ నిజం.

పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది వంటి ఊళ్లు, నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలు ఆ రాత్రి నీట కలిశాయి. ప్రభుత్వం లెక్కలో చనిపోయినవారు దాదాపు 10 వేలు, ఇతర అంచనాలు అంతకు ఎన్నో రెట్లు పోతాయి. అంత తేడా ఎందుకన్నది కూడా విపత్తు స్వభావంలోనే ఉంది. కోతల కాలమది, పొలం పనులకు వచ్చిన వలస కూలీలు ఏ ఊరి జాబితాలోనూ ఉండరు, కుటుంబం మొత్తం పోయిన ఇంట ఫలానావారు కనబడటం లేదని చెప్పేవారే మిగలరు. ఇంకో రెండు మూడు వారాల్లో కుప్పలు పడవలసిన వరి ఉప్పునీటిలో మునిగింది. పశువులు పోయాయి, చెరువులు ఉప్పగా మారి తాగునీరు పోయింది, మాగాణి నేల ఉప్పు విడిచి మళ్లీ పంటకు రావడానికి కాలం పట్టింది. అవనిగడ్డలో మృతుల స్మారకంగా నిలిపిన పైలాన్ ఇప్పటికీ ఉంది. ఆ ప్రాంతంలో పెద్దవాళ్లు వయసులు, పెళ్లిళ్లు, పుట్టుకలు చెప్పేటప్పుడు “ఉప్పెనకు ముందు”, “ఉప్పెన తరవాత” అని చెప్పడం నేటికీ వినబడుతుంది.

రేడియోలో హెచ్చరికలు లేకపోలేదు. తుపాను వస్తోందని చెప్పడం వేరు, ఏ ఊరి మీదికి ఎన్ని అడుగుల నీరు వస్తుందో చెప్పడం వేరు. అప్పటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు, ఇన్సాట్ శ్రేణి 1980లలో గాని రాలేదు. అయినా, ఉపగ్రహం ఉన్నంత మాత్రాన ఎదురుచూసే చోటు మారేది కాదని నా అభిప్రాయం. గాలికి తట్టుకోవడానికి ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చోవడం సరైన పని. ఉప్పెనకు అదే ప్రాణం తీసే పని. ఏది రాబోతోందో తెలియకుండా తుపాను వస్తోందని మాత్రమే తెలిస్తే మనిషి గాలికే సిద్ధపడతాడు.

కుడి ఎడమల సంగతి మన తీరంలో ఎవరికీ తెలియనిది కాదు. అది ఓడరేవుల జెండా కర్ర మీద చాలా కాలం నుంచే ఉంది. బందరులో, నిజాంపట్నంలో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త ప్రతి ఏటా చదువుతాం. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందని అనుకుంటాం. అది కొంతవరకే నిజం. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు, మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. అయిదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి. తేడా అల్లా తుపాను ఆ రేవును ఎటు పెట్టి వెళ్తుందన్నదే. అయిదు అంటే రేవు తుపాను దారికి ఎడమపక్కన పడుతుంది, ఆరు అంటే కుడిపక్కన, ఏడు అంటే తుపాను రేవు మీదుగానో బాగా దగ్గరగానో వెళ్తుంది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరసలో ఎడమ, కుడి, నేరుగా అని చెబుతాయి; కాకపోతే అవి పెను ప్రమాదానికి గుర్తులు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని. కనుక బందరులో ఎనిమిది నుంచి తొమ్మిదికి మారిందంటే తుపాను బలపడిందని అర్థం కాదు, బందరు ఉప్పెన పక్కకు వచ్చిందని అర్థం. నావికుల కోసం పెట్టిన ఈ సూచికను ఒడ్డు మీద ఉన్నవాళ్లకు విప్పి చెప్పే వాక్యం ఒక్కటి వార్తల్లో చేర్చితే ఎంతో మేలు.

దివిసీమకు పక్కనే ఉన్న బందరుకు ఈ పాఠం ఇంకా పాతది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నంలోనూ చుట్టుపక్కలా దాదాపు 30 వేల మంది చనిపోయారు. అటు 113 ఏళ్ల తరువాత, అదే డెల్టాలో, అదే నెలలో, అదే రకం చావు. కానీ 1990 మే 9న కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగానే మరో అతి తీవ్ర తుపాను తీరం దాటినప్పుడు మరణాలు వెయ్యికి లోపే, 967గా నమోదయ్యాయి. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. కానీ అంతకు 13 ఏళ్ల ముందు పది వేల మందిని మింగిన తీరమే ఇది. మధ్యలో మారింది ఏమిటంటే, లక్షన్నర మందిని ముందే ఖాళీ చేయించారు, 1977 తరువాత కట్టిన తుపాను షెల్టర్లు ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా పోలీసు వచ్చి బయల్దేరమంటే ఎందుకని అడిగేవారు ఆ ఊళ్లలో లేరు.

ఇప్పుడు రెండో కథ, మన ఊరు విజయవాడ కథ.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతంలో తుపానులు బలపడతాయి. నైరుతి రుతుపవనాల నడుమ, అంటే జూలై, ఆగస్టు నెలల్లో, సముద్రం వెచ్చగానే ఉన్నా సాధారణంగా పెద్ద తుపానులు కావు. దానికి కారణం ఆ రోజుల్లో కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీయడం. ఎదుగుతున్న సుడి మొదలు ఒక పక్కకు, తల ఇంకో పక్కకు లాగబడి, నిటారుగా నిలబడలేకపోతుంది. అందువల్ల రుతుపవన కాలపు వ్యవస్థలు చాలావరకు అల్పపీడనాలుగానో వాయుగుండాలుగానో ఉండిపోతాయి. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62 దాటితే తుపాను, అప్పుడే పేరు. 31 కిలోమీటర్ల లోపు అల్పపీడనం. ఈ మెట్లన్నీ గాలి వేగం మీద కట్టినవి, వీటిలో ఒక్కటి కూడా వాన లెక్క చెప్పదు.

గాలి బలం లేకపోతేనేం, రుతుపవన కాలపు వాయుగుండం వానకు మహా బలమైనది. దాని వాన కేంద్రం చుట్టూ సమానంగా పడదు. పడమరకో పడమటి వాయవ్యానికో నడిచే వాయుగుండానికి నైరుతి భాగంలో, అంటే దారికి ఎడమపక్కన, అతి భారీ వానలు పడతాయి. వాయుగుండానికి దక్షిణాన దాని సొంత గాలి పడమటి నుంచి వీస్తుంది, ఆ ఎత్తులోనే అరేబియా సముద్రం నుంచి తేమతో వచ్చే రుతుపవన గాలి కూడా పడమటి నుంచే వీస్తుంది, రెండూ కలిసి ఆ మూలన తేమను పోగేస్తాయి. పైకి పోయేకొద్దీ సుడి అక్షం కూడా నైరుతి వైపు ఒరిగి ఉంటుంది. 2024 ఆగస్టు 31న బంగాళాఖాతంలో ఏర్పడి కళింగపట్నం వైపు నడిచిన వాయుగుండానికి నైరుతిన ఏముందో పటం మీద చూస్తే చాలు: కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాలు, పైన ఖమ్మం, సూర్యాపేట. అది తీరం దాటి దక్షిణ ఛత్తీస్‌గఢ్ మీదుగా విదర్భ వైపు సాగుతున్నంత సేపూ ఈ ప్రాంతమంతా దానికి ఎడమపక్కనే ఉంది.

అదే రోజుల్లో దేశమంతా వినబడిన తుపాను పేరు అస్నా. కచ్ దగ్గర నేల మీద ఉన్న తీవ్ర వాయుగుండం అరేబియా సముద్రంలోకి దిగి ఆగస్టు 30న తుపానుగా మారింది. ఆగస్టు నెలలో అక్కడ తుపాను ఏర్పడటం అరుదు కనుక దానికి మంచి ప్రచారం వచ్చింది. అది ఒమన్ వైపు సముద్రంలోకి వెళ్లిపోయి నీరసించింది. గుజరాత్‌ను ముంచిన వానలు దానికి పేరు పెట్టకముందే పడ్డాయి, మనల్ని ముంచినదానికి పేరే లేదు. “వాయుగుండమే కదా” అన్న మాటలో ఉన్న తేలిక భావం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఆ వారం ఒక్కటి చాలు.

విజయవాడలో మొదటి మరణాలు నీటివల్ల కూడా కాదు. ఆగస్టు 31 ఉదయం మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి పలువురు చనిపోయారు. ఆ తరువాత నీరు వచ్చింది. ఏ నీరు అన్నదాని మీద బయటివారిలో గందరగోళం ఇంకా ఉంది. ప్రకాశం బ్యారేజీకి సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును అది దాటింది. కొట్టుకొచ్చిన పడవలు, గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలైన కౌంటర్‌వెయిట్లను గుద్దిన దృశ్యాలు అందరూ చూశారు. కనుక కృష్ణ పొంగి ఊరిని ముంచిందని చాలామంది అనుకున్నారు. నదిని ఆనుకునే ఉన్న కృష్ణలంకను ఒడ్డున కట్టిన రిటైనింగ్ గోడ చాలావరకు కాపాడింది. నదికి దూరంగా, ఊరికి ఉత్తరాన ఉన్న అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, నందమూరి నగర్ మునిగాయి. వాటిని ముంచింది బుడమేరు.

బుడమేరును మన ఊళ్లో చాలా కాలం మురుగు కాలువగానే చూశారు. నిజానికి అది మైలవరం పరిసరాల కొండల నీటిని దింపుకుని, విజయవాడ ఉత్తరపు అంచున సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి సొరంగ మార్గంలో దాటి, కొల్లేరులో కలిసే వాగు. వెలగలేరు దగ్గర ఒక రెగ్యులేటర్ కట్టి, వరదను ఊరి మీదికి రానీయకుండా మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తిప్పి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. కాగితం మీద అది చక్కని ఏర్పాటు. దానిలో దాగి ఉన్న షరతు ఒక్కటే: బుడమేరుకు వరద వచ్చినప్పుడు కృష్ణకు వరద ఉండకూడదు. కృష్ణ మట్టం ఎక్కువగా ఉంటే మళ్లింపు కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగతన్నుతుంది.

2024లో ఒకే వాయుగుండం ఎడమచేయి రెండింటి మీదా ఒకేసారి పడింది. మైలవరం కొండల మీద కురిసిన వాన గంటల్లో వెలగలేరుకు చేరింది. మునేరు, వైరా, పాలేరు నీరూ, పైన శ్రీశైలం, సాగర్ నుంచి వదిలిన నీరూ కృష్ణను అదే సమయంలో నింపాయి. సుమారు 15 వేల క్యూసెక్కులకు మించి మోయలేని మళ్లింపు కాలువకు కవులూరు పరిసరాల్లో మూడు గండ్లు పడ్డాయి, రెగ్యులేటర్ గేట్లు ఎత్తక తప్పలేదు. ఆ నీరంతా వాగు పాత దారి పట్టింది. ఆ పాత దారిలో ఇప్పుడు కాలనీలు ఉన్నాయి. ఊరిలోకి వచ్చిన నీరు కిందికి పోవడానికి ఎనికేపాడు సొరంగం ఇరుకు, దానికి దిగువన కొల్లేరు నిండి ఉంది. అందువల్ల వరద రావడం ఒక రాత్రి పని అయితే, తీయడానికి వారానికి పైగా పట్టింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. రాష్ట్రంలో 40 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఎన్టీఆర్ జిల్లావారే.

బుడమేరు 2005లో కూడా ఊరిని ముంచింది. అప్పుడు కూడా ఏ పేరున్న తుపానూ విజయవాడ మీదికి రాలేదు. రెండు దశాబ్దాల నడుమ కాలనీలు పెరిగాయి, వాగు వెడల్పు తగ్గింది, వాన మాత్రం తన దారి మరచిపోలేదు. దీనిలో ప్రకృతి వాటా ఎంత, మన వాటా ఎంత అని విడదీయడం కష్టమే. కానీ వాయుగుండం ఎడమపక్కన వాన పడటం శాస్త్రానికి కొత్త కాదు, కృష్ణకూ బుడమేరుకూ ఒకేసారి వరద రావడం అనూహ్యమైన సంగతీ కాదు. రెండింటి నీటినీ నింపే మేఘం చాలాసార్లు ఒకటే.

కృష్ణకు అవతల, గుంటూరు వైపు కూడా ఇదే చిక్కు చిన్న రూపంలో ఉంది. అమరావతి ప్రాంతపు నీటిని దింపే కొండవీటి వాగు ఉండవల్లి దగ్గర కృష్ణలో కలవాలి. నది నిండుగా ఉన్నప్పుడు అది తనంతట తాను కలవలేదు కనుక, పంపులతో నీటిని ఎత్తిపోసే పథకాన్ని 2018లో పెట్టారు. బ్యారేజీకి దిగువన కొల్లూరు, రేపల్లె వైపు లంక గ్రామాల పరిస్థితి వేరు. అక్కడ వాన ఎక్కడ పడిందన్నది కాదు, బ్యారేజీ నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారన్నదే ప్రశ్న, కరకట్ట నిలుస్తుందా లేదా అన్నదే భయం.

కుడి సముద్రానికి, ఎడమ వానకు అన్న ఈ విభజనను కంఠస్థం చేసి ప్రతి తుపానుకూ అతికించకూడదు. చలికాలపు తుపానులు ఒడ్డుకు సమాంతరంగా నడిచినప్పుడు రెండు పక్కలా వానలు పడతాయి, కేంద్రం దగ్గర గాలి ఎలాగూ ఉంటుంది. మిచౌంగ్‌ను చూడండి. 2023 డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. గుంటూరు, బాపట్ల జిల్లాల్లో కోసి పనల మీద ఉన్న వరి, పొగాకు, మిరప దెబ్బతిన్నాయి. కానీ అంతకు ముందు రెండు రోజులూ, 3, 4 తేదీల్లో, అది ఒడ్డు పక్కగా ఉత్తరానికి నడుస్తున్నప్పుడే 300 కిలోమీటర్ల దూరంలోని చెన్నై దాని ఎడమపక్కన నీట మునిగి, ప్రాణాలు పోగొట్టుకుంది. బాపట్లలో తీరం దాటేనాటికి చెన్నైలో నీళ్లు తోడుతున్నారు. తీరం దాటడం ఆ తుపాను కథలో చివరి అధ్యాయమే గాని మొదటిది కాదు.

ఇక పటం మీద గీసే గీత విషయం. వాతావరణ శాఖ ఇప్పుడు 24 గంటల ముందు చెప్పే దారి అంచనాలో సగటున 70, 80 కిలోమీటర్ల తేడా ఉంటుంది. ఇది మంచి పనితనమే, ఇరవై ఏళ్ల కిందట ఇంతకు రెట్టింపు తేడా ఉండేది. అందుకే ఒక్క గీత కాకుండా ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు లాంటి బొమ్మ వేస్తారు. ఆ గరాటు తుపాను ఎంత పెద్దదో చెప్పేది కాదు, కేంద్రం ఎక్కడెక్కడ ఉండవచ్చో చెప్పేది. దాని అంచుకు అవతల ఉన్నామంటే గాలివాన రాదని హామీ ఇచ్చినట్టు కాదు. టీవీలో ఆ గరాటును చూపిస్తూ మధ్య గీత మీద వేలు పెట్టి ఊరి పేరు చదవడం చూసినప్పుడల్లా నాకు చీరాల గుర్తొస్తుంది. చీరాలకూ దివి మొనకూ మధ్య దూరం సరిగ్గా ఆ అంచనాలో ఉండే పొరపాటంత. అంటే ఒక రోజు ముందు కూడా దివిసీమ తాను కుడిపక్కన పడుతుందో, ఎడమపక్కన పడుతుందో, నట్టనడుమ పడుతుందో ఖాయంగా తెలుసుకోలేదు. కనుకనే వాడరేవు నుంచి బందరు దాకా ఉన్న తీరం మొత్తాన్ని ఖాళీ చేయిస్తారు, తీరా తుపాను ఒక చివరకు జరిగితే మిగతావాళ్లు అనవసరంగా తిప్పారని విసుక్కుంటారు.

విజయవాడలో ఉన్నవారికి ఆ గరాటు బొమ్మ అంతగా పనికిరాదు. సముద్రం ఇక్కడికి రాదు, గాలి వచ్చేసరికి చాలావరకు నీరసిస్తుంది. సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే కుటుంబం చూసుకోవలసినవి వేరే ఉన్నాయి: ఉత్తర కోస్తా వైపు వాయుగుండం నడుస్తుంటే తాము దాని నైరుతిన ఉన్నామా, మైలవరంలో నిన్న రాత్రి ఎన్ని సెంటీమీటర్లు పడింది, వెలగలేరు దగ్గర మట్టం ఎంత, అదే సమయంలో బ్యారేజీకి వస్తున్న వరద ఎంత. ఈ నాలుగు అంకెలూ నాలుగు వేర్వేరు చోట్ల, వేర్వేరు శాఖల దగ్గర ఉంటాయి. వీటిని ఒక్క వాక్యంలో కలిపి, వాన మొదలైన సాయంత్రమే వార్డు సచివాలయం బోర్డు మీద రాసి పెట్టడానికి ఉపగ్రహం అక్కర్లేదు.